కాగితం కింది అంగుళం

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె నా బల్ల మీద వర్క్‌బుక్ తెరిచి పెట్టి, "టీచర్, ఇది మన బడి బొమ్మ కదా" అంది.

నలభై ఆరో పేజీ. చెవి లోపల ఎలా ఉంటుందో చూపే బొమ్మ. బయటి డొప్ప, లోపలికి పోయే గొట్టం, కర్ణభేరి, మూడు చిన్న ఎముకలు, చివర నత్తగుల్లలా చుట్టుకున్న భాగం. బాణం గుర్తులు కంపెనీవాళ్లు కొత్తగా పెట్టుకున్నారు. బొమ్మ మాత్రం మా అక్కది. చెవి తమ్మె మీద, అంచుకు దగ్గరగా, ఆవగింజంత చుక్క ఉంది. ఎవరైనా అచ్చులో పడిన మరక అనుకుంటారు. అది నా పుట్టుమచ్చ. అక్క నన్ను కూర్చోబెట్టి నా చెవి చూసి గీసింది.

అక్క ఈ బడిలోనే జీవశాస్త్రం చెప్పేది. నేను భాష చెబుతాను. ఆమె పోయి అప్పటికి ఆరు వారాలు. ఆ ఆరు వారాల్లో నేను సెలవు పెట్టలేదు. పాఠాలు చెప్పాను, పేపర్లు దిద్దాను, అక్క తరగతులు కొన్ని నేనే తీసుకున్నాను. ఏమీ అనిపించడం లేదని డాక్టరుకు చెబుదామనుకున్నాను గానీ, ఏమీ అనిపించకపోవడం ఎక్కడుందని అడిగితే ఎక్కడ చెయ్యి పెట్టి చూపించాలో తెలియక వెళ్లలేదు.

"మన బడిదే" అన్నాను. "పుస్తకం ఒక్కరోజు ఉంచుకోనా?"

"వారం ఉంచుకోండి టీచర్" అంది ఆ అమ్మాయి వెంటనే. అందులో హోంవర్కు ఉందని తరువాత తెలిసింది.

పుస్తకం చివరి పేజీలో పాఠాలు రాసినవాళ్ల పేర్లు, అట్ట గీసినవాళ్ల పేరు, అచ్చు వేసిన ప్రెస్సు పేరు ఉన్నాయి. అక్క పేరు లేదు.

ఒకే ఇంట్లో కింద అక్కా బావా, పైన నేను ఉండేవాళ్లం. బావ ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. సాయంత్రం నేను వెళ్లేసరికి భోజనాల బల్ల మీద పాత గుడ్డ పరిచి, ఏదో మోటారు విప్పుకుని కూర్చున్నాడు. అక్క ఉంటే ఆ బల్ల మీద మోటారు పెట్టనిచ్చేది కాదు.

"బావా, ఇది చూడండి."

నుదుటి మీది కళ్లజోడు దించుకుని చూశాడు. ఒకసారి నావైపు, ఒకసారి పేజీవైపు.

"నీ చెవే" అన్నాడు.

"అక్క పేరు వేయలేదు."

"నీ పేరూ వేయలేదుగా. చెవి ఇచ్చినదానివి, ముందు నువ్వు కోప్పడాలి."

"నేను ఊరికే అనడం లేదు బావా."

"నేనూ ఊరికే అనడం లేదు చిన్న పంతులమ్మా. ఆదివారమంతా నిన్ను అదిగో ఆ కుర్చీలో కట్టేసినట్టు కూర్చోబెట్టింది. మెడ పట్టేసిందని వారం రోజులు నా ప్రాణం తీశావు. మచ్చతో సహా గీసింది గానీ, నీ సణుగుడు మాత్రం గీయలేదు, నయం." స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. "ఏం చేద్దామంటావు?"

"పేరు వేయమని అడుగుతాను. అక్క గీసినవాటి మీద హక్కులు ఇప్పుడు మీవి. మీ సంతకం కావాలి."

"నావా? ఆవిడ రంగు పెన్సిళ్ల డబ్బా ముట్టుకుంటేనే యుద్ధం. ఇప్పుడు బొమ్మలన్నీ నావా?" అని మళ్లీ మోటారు వైపు తిరిగాడు. "ఎక్కడ పెట్టాలో చెప్పు. పెడతాను."

నాకు కావలసింది ఒక్కటే. ఆ బొమ్మ కింద అక్క పేరు. ఆ ఆరు వారాల్లో ఆమె పేరు నేను చాలా కాగితాల మీద రాశాను. బ్యాంకు దరఖాస్తు, పింఛను ఫారం, గ్యాసు కనెక్షన్ మార్పిడి. ప్రతిచోటా పేరుకు ముందు కీర్తిశేషులు అని రాయవలసి వచ్చింది. ఆ మాట లేకుండా ఆమె పేరు ఒక్కచోట ఉండాలనుకున్నాను.

మర్నాడు విరామంలో పుస్తకాల కంపెనీకి ఫోన్ చేశాను. వర్క్‌బుక్ సంపాదకురాలే మాట్లాడింది. గొంతు బట్టి చిన్న వయసే.

"ఆ బొమ్మ మాకు టీచర్ల గ్రూపులో దొరికింది మేడమ్. దాని మీద ఏ పేరూ లేదు."

"పేరు లేనంత మాత్రాన ఎవరూ గీయలేదని కాదు కదమ్మా."

"నిజమే మేడమ్. నూట ఇరవై పేజీలకి మాకు ఒక్కరే ఆర్టిస్టు. టైము లేక తీసుకున్నాం. అడిగి ఉండాల్సింది. సోమవారం రెండో అచ్చు మొదలవుతుంది. శుక్రవారంలోగా అసలు బొమ్మ ఫోటో, గీసినవాళ్ల పేరు, హక్కుదారుల అనుమతి కాగితం పంపండి. పేరు వేస్తాం. అనుమతి లేదంటే బొమ్మ తీసేస్తాం."

"తీసేయమనడం లేదు. పేరు వేయమంటున్నాను."

"అర్థమైంది మేడమ్. మీ అక్కగారితో ఒకసారి మాట్లాడొచ్చా?"

"కుదరదు" అన్నాను.

"ఊళ్లో లేరా?"

"లేరు" అన్నాను. అది అబద్ధం కాదు.

ఆ రోజే తొమ్మిదో తరగతికి కాపీరైటు పాఠం. పిల్లలు ప్రాజెక్టులు మొదలుపెట్టకముందు ఏటా ఒక పీరియడ్ దీనికి కేటాయించే అలవాటు అక్కే పెట్టింది. ఈ ఏడాది అది నాకు వచ్చింది. అక్క నోటుబుక్కు తీసుకుని వెళ్లి, అందులో ఉన్నది ఉన్నట్టు చదవడం మొదలుపెట్టాను.

"ఆలోచన మీద ఎవరికీ హక్కు లేదు. గుండె ఎలా కొట్టుకుంటుందో ఎవరైనా చెప్పవచ్చు, ఎవరైనా గీయవచ్చు. కానీ ఒకరు గీసిన గీత, రాసిన వాక్యం, తీసిన ఫోటో, కట్టిన పాట వాళ్లవి. కాగితం మీద పెట్టిన క్షణం నుంచే వాళ్లవి. దాదాపు ఏ దేశంలోనూ అందుకోసం నమోదు చేయించక్కర్లేదు."

వెనక బెంచీ నుంచి చెయ్యి లేచింది. ఆ అమ్మాయిని బడంతా లాయరు అంటారు. "నెట్‌లో ఊరికే దొరుకుతాయి కదా టీచర్?"

నోటుబుక్కు పేజీ తిప్పాను. అంచున పెన్సిలుతో రాసి ఉంది: "ఇక్కడ లాయరు లేస్తుంది. దొరకడం వేరు, ఇవ్వడం వేరు అని చెప్పాలి." ఈ ఏడాది కూడా తనే చెబుతాననుకుని రాసుకుంది.

"దొరకడం వేరు, ఇవ్వడం వేరు" అన్నాను. "కొందరు ముందే అనుమతి రాసి పెడతారు. పేరు వేయండి, అమ్ముకోకండి, మార్చకండి అని షరతులు ఉంటాయి. అవి చదివి వాడుకోవాలి. ఏమీ రాయకపోతే, అడగాలి."

"కింద పేరు రాస్తే చాలదా?"

"పేరు రాయడం ఒకటి. అడగడం ఇంకొకటి. మొదటిది చేస్తే రెండోది చేసినట్టు కాదు."

"మరి పాఠంలో కొంచెం వాడుకుంటే?"

"పాఠానికి, పుస్తకం మీద అభిప్రాయం రాయడానికి కొంచెం వాడుకోనిస్తుంది చట్టం. ఎంత కొంచెం అన్నది ఒక్కో దేశంలో ఒక్కో రకం. అనుమానంగా ఉంటే అడగడమే."

"కొంచెం మార్చేసి గీస్తే టీచర్? అప్పుడు మనదే కదా?"

ఇది అడిగింది ముందు బెంచీలో ఎప్పుడూ నిద్రపోయే అబ్బాయి. తరగతి నవ్వింది. జవాబు నోటుబుక్కులో ఉంది. "మార్చడానికీ అసలు గీసినవాళ్ల అనుమతి కావాలి. మార్చినంత మేరే మనది. మిగతాది వాళ్లదే." చదివాను. చదివి ముందుకు వెళ్లాను.

"గీసినవాళ్లు పోయాక కూడా చాలా ఏళ్లు హక్కు ఉంటుంది. ఇంట్లోవాళ్లకు వస్తుంది. ఆ గడువు దాటాక అందరిదీ."

"పోయినవాళ్లకి తెలీదు కదా టీచర్. మరి ఇంకా వాళ్ల పేరు ఎందుకు?" అంది లాయరు. పక్కన కూర్చున్న అమ్మాయి ఆమె మోచేతి మీద గిల్లింది. అప్పుడు లాయరుకూ గుర్తొచ్చినట్టుంది, తల దించుకుంది.

నోటుబుక్కులో తరువాతి పేజీ చూశాను. ఆ ప్రశ్నకు జవాబు రాసి లేదు.

"దీనికి టీచర్ ఏమీ రాయలేదు" అన్నాను. "నాకూ తెలియదు. తెలిస్తే చెబుతాను." గంట కొట్టారు.

మెట్ల కింద గదిలో జిరాక్స్ బాబాయి ఉంటాడు. ఇరవై ఏళ్లుగా బడి కాపీలన్నీ ఆయన చేతి మీదుగానే వెళ్తాయి. అసలు బొమ్మలన్నీ ఆకుపచ్చ ఫైలులో దాచిపెడతాడు.

"చెవి బొమ్మ కావాలి బాబాయ్."

"మొదట కన్ను, తర్వాత చెవి, తర్వాత ముక్కు. ముఖం వరసలో పెట్టాను, వెతుక్కోకుండా" అంటూ తీసి ఇచ్చాడు.

మందపాటి కాగితం. అక్క నల్ల ఇంకు. కింద, ఒక అంగుళం మేర, అడ్డంగా తెల్ల కాగితం ముక్క అంటించి ఉంది.

"ఇదేంటి?"

బాబాయి నా ముఖం చూశాడు. "అది మీరు అంటించిందే కదమ్మా."

"నేనా?"

"మూడేళ్ల కింద. కాగితాల బీరువా తాళం మీ దగ్గరున్నప్పుడు. నెలకి తరగతికి ఒక్క కట్టే ఇస్తానన్నారు. ఒక కాగితం మీద రెండు చెవులు పట్టాలన్నారు. కింద రాత అడ్డమొస్తోందమ్మా అని నేనంటే, బొమ్మ ముఖ్యం బాబాయ్, కప్పేద్దాం అని మీ చేత్తోనే అంటించారు."

గుర్తొచ్చింది. జిగురు వేలికి అంటుకుంటే ఆ గోడకే తుడిచాను. రెండేసి చెవుల కాగితం బాగా కుదిరిందని, దానికి ఫోటో తీసి టీచర్ల గ్రూపులో పెట్టింది కూడా నేనే.

"అక్క చూడలేదా?"

"చూసింది. పేర్లుండాలి బాబాయ్, ఆ ముక్క తీయించాలి, మా చెల్లికి చెబుతాను అంది. చెప్పలేదా?"

"చెప్పే ఉంటుంది" అన్నాను. చెప్పే ఉంటుంది. నేను విని ఉండను.

స్కేలు అంచుతో ముక్కను మెల్లగా లేపాను. కొంచెం చిరిగింది గానీ కింద రాత పోలేదు. రెండు వరుసలు. మొదటి వరుసలో, అసలు బొమ్మ గీసినది అని, నాకు తెలియని ఒకాయన పేరు. పక్కన, అనుమతితో. రెండో వరుసలో, బయటి చెవి, మార్పులు అని, అక్క పేరు. తేదీ.

సాయంత్రం బావకు చూపించాను. మొదటి వరుసలో పేరు చదివి, లేచి లోపలికి వెళ్లి, వారంటీ కార్డుల ఫైలు తెచ్చాడు.

"ఈ పేరు ఎక్కడో చూశాను. మీ అక్కకి ముఖ్యమైన కాగితమంటే ఇందులోనే ఉండాలి. మా పెళ్లి సర్టిఫికెట్ కూడా ఇందులోనే దొరికింది, మిక్సీకీ ఇస్త్రీపెట్టెకీ మధ్య." కాగితాలు తిప్పుతూ, "పెళ్లి కాగితం మీద గడువు ఎక్కడా రాయలేదు. చూశాను" అన్నాడు.

ఉత్తరం దొరికింది. రాసినాయన ఆసుపత్రిలో శరీర భాగాల బొమ్మలు గీసి రిటైరైనవాడు. పొందికైన చేతిరాత. "మీ బడిలో మీ తరగతులకు వాడుకోండి. కావలసినట్టు మార్చుకోండి. ప్రతి కాపీ మీద నా పేరు ఉండాలి. పుస్తకంలో అచ్చు వేయాలంటే మళ్లీ నన్ను అడగాలి." కింద చిరునామా, ఫోన్ నంబరు.

లోపలి గొట్టం, మూడు ఎముకలు, నత్తగుల్ల ఆయనవి. నా చెవి ఒక్కటే అక్కది. మూడేళ్లు, ఏటా నాలుగు సెక్షన్లకు, ఇద్దరి పేర్లూ నేనే తీసేసి పంచాను.

బొమ్మను బల్ల మీద దీపం కింద పెట్టాను. స్కేలును మొదటి వరుస మీద అడ్డంగా ఉంచి ఫోన్‌తో ఫోటో తీశాను. బాగా వచ్చింది. నల్ల స్కేలు బొమ్మ కింద గీత గీసినట్టు కనిపించింది. దాని కింద అక్క పేరు, ఒక్కటే. ముందు ఏ మాటా లేదు. బావ సంతకం పెట్టిన కాగితం పక్కనే ఉంది. ఈ రెండూ పంపితే సోమవారం అచ్చులో ఆ పేరు ఉంటుంది. ఆ సంపాదకురాలు ఇంకేమీ అడగదు.

బావ నా వెనక నిలబడి ఉన్నాడు.

"మళ్లీ కప్పుతున్నావా?" అన్నాడు. దెప్పుతున్నట్టు కాదు. మోటారులో ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో అడిగినట్టు అడిగాడు.

ఫోటో చెరిపేశాను.

గురువారం బడి అయ్యాక ఉత్తరంలోని చిరునామాకు వెళ్లాను. ముందే ఫోన్ చేసి చెప్పాను. కళ్లజోళ్ల దుకాణం పైన రెండో అంతస్తు. ఆయనే తలుపు తీశాడు. మెడలో తాడుకు భూతద్దం వేలాడుతోంది. గోడల మీద ఒక్క బొమ్మ కూడా లేదు. కిటికీ పక్కన బల్ల, దాని మీద పెన్సిళ్లు పొడవు వరసలో.

కూర్చోకముందే చెప్పేశాను. మూడేళ్లుగా ఆయన పేరు లేకుండా కాపీలు పంచామని, కప్పింది నేనేనని, గ్రూపులో పెట్టింది నేనేనని, అక్కడి నుంచే కంపెనీవాళ్లు తీసుకున్నారని.

"ఎందుకు కప్పావు?"

"కాగితం కలిసొస్తుందని సార్."

"కలిసొచ్చిందా?"

"వచ్చింది."

తల ఊపాడు. వర్క్‌బుక్ అందుకుని పేజీ చూశాడు. నేను అడగవలసింది అడిగాను. రెండు పేర్లూ వేస్తారని, పుస్తకం చాలా బళ్లకు వెళ్తుందని చెప్పాను. అక్క పేరు దాని మీద ఉండాలని నా కోరిక అని కూడా చెప్పాను.

"ముప్పై ఒక్క ఏళ్లు ఆసుపత్రిలో గీశాను" అన్నాడు. "ఉద్యోగంలో గీసినవి ఆసుపత్రివి. చేరిన రోజే ఆ కాగితం మీద సంతకం పెట్టాను, అందులో మోసమేం లేదు. ఎక్కడెక్కడో పుస్తకాల్లో వచ్చాయి. నా మనవరాలి పుస్తకంలో నేను గీసిన మూత్రపిండం ఉంది. నాదే అంటే నమ్మలేదు, నవ్వింది. రిటైరయ్యాక నాకోసం గీసుకున్నవి పదకొండు. ఈ చెవి వాటిలో ఒకటి. ఇవి అచ్చులో వద్దమ్మా."

"మీ పేరు వేస్తారు సార్."

"వేస్తారు. అయినా వద్దు."

నేను మళ్లీ అడగలేదు. అడగమని అక్క రాసింది. కాదంటే బతిమాలమని రాయలేదు.

"మీ బడికి ఇచ్చిన మాట అలాగే ఉంటుంది" అన్నాడు. "పేరు మాత్రం కప్పకు. అవునూ, మీ అక్క రాలేదేం? ఉత్తరం రాసి అడిగింది ఆవిడొక్కతే."

"పోయింది సార్. ఇది ఏడో వారం."

అక్క గీసిన అసలు బొమ్మ నా సంచిలోంచి తీసి ఇచ్చాను. భూతద్దం ఎత్తి లోపలి నుంచి మొదలుపెట్టి బయటికి చూసుకుంటూ వచ్చాడు. తమ్మె దగ్గర ఆగాడు.

"ఇంతవరకూ నాది. ఇక్కడి నుంచి నాది కాదు. ఎవరిదీ చెవి?"

"నాదే సార్."

"ఇలా వెలుతురులోకి తిరుగు."

కిటికీ వైపు ముఖం పెట్టి కూర్చున్నాను. కింద రోడ్డు మీద ఒకామె సైకిలు ఆపి గొలుసు సరిచేసుకుంటోంది. భూతద్దం తాడు ఆయన చొక్కా బొత్తానికి తగిలి చిన్నగా చప్పుడవుతోంది. మెడ పట్టేస్తోంది. కదలలేదు.

"సరిగ్గానే గీసింది" అన్నాడు చాలాసేపటికి. "అంచు దగ్గర కొంచెం దయ చూపించింది. నీది ఇంత గుండ్రంగా లేదు."

"ఎప్పుడూ అంతే సార్" అన్నాను. దేని గురించి అన్నానో నాకే తెలియలేదు.

లేచేటప్పుడు ఆయనే అన్నాడు. "బయటి చెవి ఆవిడది. దాన్ని మీరేం చేసుకున్నా నన్ను అడగక్కర్లేదు."

శుక్రవారం ఉదయం సంపాదకురాలికి ఉత్తరం రాశాను. అసలు బొమ్మ ఎవరిదో, మార్పులు ఎవరివో, ఆయన కాదన్నారని, బొమ్మ తీసేయమని. బయటి చెవి ఒక్కటీ కావాలంటే మా బావ అనుమతి ఉందని కూడా రాశాను. గంటలో ఫోన్ చేసింది.

"బయటి చెవి ఒక్కటే అంటే ఆ పాఠానికి పనికిరాదు మేడమ్. మా ఆర్టిస్టుతో కొత్తది గీయిస్తున్నాం. ఆయనకి మేమే క్షమాపణ రాస్తాం." ఫోన్ పెట్టేసే ముందు, "మీ అక్కగారి విషయం మీ ఉత్తరం చూశాకే తెలిసింది. ఆ రోజు ఊళ్లో లేరా అని అడిగాను" అంది.

"ఫర్వాలేదమ్మా" అన్నాను.

తరువాత మెట్ల కింద గదికి వెళ్లాను. బాబాయి బొమ్మను అద్దం మీద పెట్టి మూత వేయబోయి ఆగాడు.

"కాగితానికి రెండా, ఒకటా?"

"ఒకటే."

"కింది అంగుళం పడాలంటే బొమ్మ కొంచెం తగ్గించాలమ్మా. చెవి చిన్నదవుతుంది."

"తగ్గించండి."

తొమ్మిదో తరగతి పిల్లలకు తలా ఒకటి పంచాను. చెవి వాళ్లకు నిరుటి పాఠం. ఇదెందుకు టీచర్ అని అడిగారు. నిద్రపోయే అబ్బాయి తన కాగితం తిరగేసి వెనక ఖాళీగా ఉందని చూసి సంతోషించాడు.

"మొన్న ఒక ప్రశ్నకు జవాబు బాకీ ఉన్నాను" అన్నాను. లాయరు బెంచీలో ఇంకొంచెం కిందికి జారింది. "జవాబు నాకింకా దొరకలేదు. బొమ్మ కింద రెండు వరుసలున్నాయి. లేచి చదువు."

లేచింది. మొదటి వరుస చదివింది. అనుమతితో అన్న మాట విడిగా, నొక్కి చదివింది. రెండో వరుస దగ్గర ఒక్కసారి నావైపు చూసింది. నేను చదవమన్నట్టు చెయ్యి ఊపాను.

అక్క పేరు చదివింది. ముందు ఏమీ చేర్చకుండా, కాగితం మీద ఎలా ఉందో అలాగే.

"కూర్చో" అన్నాను. హాజరు పట్టీ తెరిచి మొదటి నంబరు పిలిచాను.